రబ్బరు చప్పుడు



టేబుల్ టెన్నిస్ గురించి రేడియోలో చెప్పాలంటే మీకు బల్ల చూపించలేను, బంతి చూపించలేను. అయినా ఈ ఆటలో చెవికి చాలా పని ఉంది. ముప్పై ఏళ్ళు బడిలో ఆటల మాస్టారుగా పనిచేశాను. వరండా చివర బల్ల వేసుకుని పిల్లలు ఆడుతుంటే నేను స్టాఫ్ రూములో కూర్చునే ఎవరి బ్యాటు మీద రబ్బరు చచ్చిపోయిందో చెప్పేవాణ్ణి. మంచి రబ్బరు మీద బంతి పడితే నిండైన చప్పుడు వస్తుంది. గట్టిపడిపోయిన రబ్బరు మీద పడితే ఎండు శెనక్కాయను వేళ్ళ మధ్య చిట్లించినట్టు పొడిగా వినబడుతుంది.

ఈ చప్పుడే ఒకసారి ప్రపంచ చాంపియన్‌షిప్‌ను తలకిందులు చేసింది. అదీ మన దేశంలోనే. 1952లో బొంబాయిలో ప్రపంచ పోటీలు జరిగాయి. ఆసియా ఖండంలో అవి జరగడం అదే మొదలు. అప్పటిదాకా పెద్ద ఆటగాళ్ళ చేతుల్లో ఎక్కువగా ఉన్నది కొయ్య మీద అతికించిన పలచటి గింజల రబ్బరు, కింద స్పాంజ్ లేనిది. బంతి తగిలితే టక్కుమనేది. ఎదుటివాడు ఎంత బలంగా కొట్టాడో ఆ టక్కును బట్టే తెలిసేది. జపాన్ నుంచి హిరోజీ సాటో అనే బక్కపల్చటి కళ్ళజోడు ఆటగాడు వచ్చాడు. ఆయన బ్యాటుకు మందపాటి స్పాంజ్ అతికించి ఉంది. కొడితే చప్పుడే లేదు. బంతి మాత్రం ఊహించని వేగంతో వచ్చేసేది. ఏళ్ళ తరబడి చెవితో సగం ఆట ఆడినవాళ్ళకు చెవులు పనిచేయలేదు. పురుషుల సింగిల్స్ ఫైనల్లో హంగరీ ఆటగాడు జోసెఫ్ కోచియాన్‌ను ఓడించి సాటో చాంపియన్ అయ్యాడు.

తర్వాత ఏడేళ్ళు పెద్ద గొడవే నడిచింది. స్పాంజ్ ఉండాలా, వద్దా? చివరికి 1959లో అంతర్జాతీయ సమాఖ్య ఒక హద్దు గీసింది. ఉత్త స్పాంజ్ వాడకూడదు, దాని మీద గింజలున్న రబ్బరు పొర ఉండి తీరాలి. పొర, స్పాంజ్, మధ్యలో జిగురు, అన్నీ కలిపి 4 మిల్లీమీటర్లు దాటకూడదు. స్పాంజ్ లేని గింజల రబ్బరైతే 2 మిల్లీమీటర్లు. ఈనాటికీ హద్దు అదే. మన పిల్లలు నేర్చుకునే ఆట తీరులన్నీ ఆ 4 మిల్లీమీటర్ల మందంలోంచి వచ్చినవే. అందుకే ఈ పూట రబ్బరు గురించే మాట్లాడదామనుకున్నాను.

ఒక తండ్రి మాటతో మొదలుపెడతాను. బస్సు కండక్టరుగా పనిచేసే మనిషి. ఒక సాయంత్రం పదకొండేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. "సార్, ప్రపంచ చాంపియన్లు ఆడే రబ్బరే తెప్పించినా. నెల జీతంలో సగం పోయింది. అయినా పిల్లోడు ఓడిపోతానే ఉండాడు. నాకేమన్నా డూప్లికేటు అంటగట్టినారా సార్?" అన్నాడు. బ్యాటు చేతిలోకి తీసుకుని చూశాను. డూప్లికేటు కాదు, అసలైనదే. అచ్చంగా చాంపియన్లు ఆడేదే. పిల్లవాడి కష్టానికి కారణం కూడా అదే.

బ్యాటు రబ్బరులో రెండు పొరలుంటాయి. పైది రబ్బరు పొర, కిందిది స్పాంజ్. పై పొరకు ఒక పక్క నున్నగా ఉంటుంది, రెండో పక్క చిన్న చిన్న గింజలుంటాయి. నున్నటి పక్క పైకి, గింజలు స్పాంజ్ వైపుకు ఉండేట్టు అతికిస్తే అది ప్లెయిన్ రబ్బరు. గింజలు పైకి వచ్చేట్టు అతికిస్తే పింపుల్స్. బంతి బ్యాటు మీద ఉండేది దాదాపు సెకనులో వెయ్యో వంతు. ఆ వెయ్యో వంతులో బంతి పై పొరను పట్టుకోవాలి, స్పాంజ్‌లోకి కాస్త దిగాలి, తిరుగుడు అందుకుని బయటికి రావాలి. పట్టు పై పొరది, తోపు స్పాంజ్‌ది.

ఆ అబ్బాయి స్పాంజ్ ఉండగలిగినంత మందం, పైగా గట్టిది. మనిషి నడుము తిప్పి, తొడ బలం కూడా వాడి, చెయ్యి నిండుగా విసిరితేనే అలాంటి స్పాంజ్‌లోకి బంతి దిగుతుంది. పదకొండేళ్ళ చేతికి ఆ విసురు ఎక్కడిది? వాడు కొట్టినప్పుడు బంతి పైపైనే తగిలి జారిపోయేది. వాడు ఊరికే బ్యాటు అడ్డం పెట్టినప్పుడేమో ఎదుటివాడి వేగాన్ని స్పాంజ్ తిరగ్గొట్టి బంతిని బల్ల అవతలికి విసిరేసేది. కొట్టాల్సిన చోట బలం చాలదు, ఆపాల్సిన చోట బలం ఎక్కువ. ఆటలో ఇంతకన్నా ఇబ్బందికరమైన స్థితి ఉండదు.

ఆ రబ్బరు విప్పించాను. 1.8 మిల్లీమీటర్ల స్పాంజ్ ఉన్న, మధ్యరకం మెత్తదనం గల మామూలు ప్లెయిన్ రబ్బరు రెండు పక్కలా వేయించాను. ఖర్చు మొదటిదానిలో నాలుగో వంతు కూడా కాలేదు. మొదటి వారం వాడికి నచ్చలేదు. "ఇది చానా స్లో సార్" అన్నాడు. నాలుగు నెలలకు బంతి బల్ల మీద నిలబడటం మొదలైంది. వాడు చాంపియన్ ఏమీ కాలేదు. ఇంజనీరింగ్ చదివి బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు, ఇప్పటికీ ఆదివారాలు ఆడుతున్నాడు. నాకు అదే సంతోషం.

ఇక ఎవరికి ఏ రబ్బరు? అందరికీ సరిపోయే జవాబు లేదు, మనిషి ఎక్కడ నిలబడి ఆడతాడో చూడాలి.

బల్లకు ఒక అడుగు దూరంలో నిలబడి, వచ్చిన బంతిని వచ్చినట్టే ఎదురు కొట్టే పిల్లలుంటారు. వాళ్ళకు ఎదుటివాడి స్పిన్ మరీ ఎక్కువగా పట్టుకునే రబ్బరు చేటు చేస్తుంది. ఒకింత తక్కువ పట్టున్న ప్లెయిన్ రబ్బరో, పొట్టి గింజల షార్ట్ పింపుల్సో వాళ్ళకు బాగుంటుంది. షార్ట్ పింపుల్స్ మీద బంతి తగిలే చోటు తక్కువ కాబట్టి ఎదుటివాడి స్పిన్ అంతగా అంటదు, కొట్టిన దెబ్బ నేరుగా, చదునుగా పోతుంది. జపాన్ అమ్మాయి మీమా ఇటో బ్యాక్‌హ్యాండ్ చూడండి, గుక్క తిప్పుకోనివ్వదు.

రెండడుగులు వెనక్కి నిలబడి, కింది నుంచి పైకి బంతిని గీరి లూప్ వేసేవాళ్ళ లెక్క వేరు. బంతి ముందుకు పొర్లుతూ పోతే గాలి దాన్ని కిందికి వంచుతుంది. అందుకే ఎంత బలంగా కొట్టినా బల్ల మీదే పడుతుంది. దీనికి పట్టు కావాలి. ఆ పట్టు సంపాదించడానికి రెండు దారులున్నాయి. చైనా దారిలో పై పొర జిగటగా, స్పాంజ్ గట్టిగా ఉంటుంది. హరికేన్ రబ్బరు ఆ రకం. పనంతా మనిషి చెయ్యాలి, చేసినవాడికి తిరుగులేని స్పిన్ వస్తుంది. జపాన్, జర్మనీ దారిలో పై పొర పొడిగానే ఉన్నా బాగా పట్టుకుంటుంది, స్పాంజ్ స్ప్రింగులా పనిచేస్తుంది. 2008లో వచ్చిన టెనర్జీ ఈ దారిలోదే. అదే సంవత్సరం, బీజింగ్ ఒలింపిక్స్ అయిపోగానే, స్పీడ్ గ్లూ నిషేధం అమలులోకి వచ్చింది. మ్యాచికి ముందు ఘాటైన ద్రావకాలున్న జిగురు పూసి స్పాంజ్‌ను ఉబ్బించి ఆడిన రోజులు మా తరానికి బాగా గుర్తు. గది గదంతా ఆ వాసనే. పిల్లల ఊపిరితిత్తుల్లోకి ఆ ఆవిరి పోవడం చూసి నాకు ఎప్పుడూ దిగులుగా ఉండేది. నిషేధం మంచి పని. ఇప్పుడు నీటితో చేసిన జిగురు వాడుతున్నారు.

వీటికన్నా పాత ప్లెయిన్ రబ్బర్లలో స్రైవర్ 1967లో, మార్క్ ఫైవ్ 1969లో వచ్చాయి. ఈనాటి లెక్కలో అవి నెమ్మదివి. తరాలకు తరాలు వాటి మీదే ఆట నేర్చుకున్నాయి. ఈ రోజుకీ నేర్చుకునే చేతికి ఆ తరగతి రబ్బరే చెప్తాను.

బల్లకు బాగా దూరంగా వెనక్కి పోయి, పై నుంచి కిందికి బంతిని కోసినట్టు చాప్ చేసేవాళ్ళు ఇప్పుడు తక్కువ. వాళ్ళకు స్పాంజ్ పలచగా ఉండాలి, బంతి దూకుడు చచ్చిపోవాలి. ఇక్కడ లాంగ్ పింపుల్స్ సంగతి వస్తుంది. దీన్ని కాస్త నిదానంగా చెప్తాను. మన అనంతపురం జిల్లాలో చాలామంది తల్లిదండ్రులు దీన్ని మంత్రం లాంటిదనుకుంటారు.

లాంగ్ పింపుల్స్ అంటే పొడుగాటి, సన్నటి, మెత్తటి గింజలు. బంతి తగలగానే అవి వంగిపోతాయి, పట్టుకోవు. ఇప్పుడొక చక్రాన్ని ఊహించుకోండి. అది మీ వైపు పొర్లుకుంటూ వస్తోంది. దాని తిరుగుడు ఆపకుండా, అది తిరుగుతున్న తీరుగానే ఎత్తి వచ్చిన దిక్కుకు విసిరేశారనుకోండి. ఇప్పుడది పోయే దిక్కు మారింది కాబట్టి, అదే తిరుగుడు వెనక్కి తిరుగుడు అవుతుంది. లాంగ్ పింపుల్స్ చేసే పని ఇదే. ఎదుటివాడు ఎంత టాప్ స్పిన్ పంపితే అంత బ్యాక్ స్పిన్ అయి వాడికే తిరిగి వస్తుంది. వాడు బ్యాక్ స్పిన్‌తో పుష్ చేసి పంపితే అది కొంచెం ముందుకు పొర్లుతూ పోతుంది. లాంగ్ పింపుల్స్ తనంతట తాను స్పిన్ పెద్దగా పుట్టించదు. ఎదుటివాడు ఇచ్చినదే వాడికి తిప్పి ఇస్తుంది. ఎదుటివాడు ఏ స్పిన్నూ లేని బంతి పంపితే దాని మాయంతా పోతుంది. యాంటీ రబ్బరుదీ ఇదే కుటుంబం. చూడటానికి ప్లెయిన్, పట్టు మాత్రం లేదు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. పదేళ్ళ అమ్మాయి ఒకతి నా దగ్గర ఆడేది. చురుకైన పిల్ల. జిల్లా పోటీలు నెల రోజుల్లో ఉన్నాయని ఆ పిల్ల బ్యాక్‌హ్యాండ్ వైపు లాంగ్ పింపుల్స్ వేయించాను. ఎదుటి పిల్లలకు ఆ బంతులు అర్థం కాలేదు. వరసగా గెలిచింది. అందరూ మెచ్చుకున్నారు, నేనూ పొంగిపోయాను. రెండేళ్ళ తర్వాత రాష్ట్ర పోటీలకు వెళ్తే అక్కడి పిల్లలకు లాంగ్ పింపుల్స్ కొత్త కాదు. స్పిన్ లేని బంతులు మెల్లగా పంపుతూ ఆ పిల్ల తనంతట తాను ఏం చేస్తుందో చూశారు. ఏమీ చెయ్యలేకపోయింది. బ్యాక్‌హ్యాండ్‌తో స్పిన్ పుట్టించడం ఎలాగో నేను నేర్పనే లేదు. రబ్బరు ఆడుతుంటే చెయ్యి నేర్చుకోవడం మానేసింది. ఆ పిల్ల ఆట వదిలేసింది. ఆ బాధ్యత నాదే, ఇప్పటికీ నన్ను తొలిచే విషయం అది. ఆ తర్వాత ఏ పిల్లకైనా, పిల్లాడికైనా కనీసం మూడు నాలుగేళ్ళు రెండు వైపులా ప్లెయిన్ రబ్బరుతో ఆడాకే పింపుల్స్ మాట ఎత్తాను.

అంటే లాంగ్ పింపుల్స్ చెడ్డదని కాదు. 1992, 1996 ఒలింపిక్స్ రెండింటిలోనూ సింగిల్స్ స్వర్ణం గెలిచిన చైనా క్రీడాకారిణి డెంగ్ యాపింగ్ బ్యాక్‌హ్యాండ్ లాంగ్ పింపుల్సే. కొరియా ఆటగాడు జూ సే హ్యూక్ చాప్ చేస్తూనే 2003 ప్రపంచ పోటీల ఫైనల్ దాకా వెళ్ళాడు. మన మనికా బత్రా 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ స్వర్ణం గెలిచినప్పుడు లాంగ్ పింపుల్స్ వైపు ఎంత వాడుకుందో, బ్యాటును చేతిలోనే తిప్పి ప్లెయిన్ వైపును అంత వాడుకుంది. ఈ తిప్పడంలోనే విద్య ఉంది.

2024 ఫిబ్రవరి నాటి సంగతి మీలో కొందరు విని ఉంటారు. కొరియాలోని బుసాన్‌లో ప్రపంచ జట్టు పోటీలు. మహిళల్లో మన జట్టు చైనాతో ఆడింది. ఐహికా ముఖర్జీ యాంటీ రబ్బరుతో ప్రపంచ నంబర్ వన్ సున్ యింగ్షాను ఓడించింది. మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ ప్రపంచ నంబర్ టూ వాంగ్ యిదిని వరుస గేముల్లో ఓడించింది. శ్రీజ బ్యాక్‌హ్యాండ్ వైపు ఉన్నదీ పింపుల్సే. చివరికి 3-2 తేడాతో చైనా గెలిచిందనుకోండి. కానీ రోజూ ప్లెయిన్ రబ్బర్ల మధ్య పెరిగే చైనా వాళ్ళకు కూడా ఆ రోజు బంతి అంతుబట్టలేదు. శ్రీజ దగ్గర నాకు నచ్చేది మరొకటుంది. పింపుల్స్ వెనక దాక్కోదు. సందు దొరికితే ఫోర్‌హ్యాండ్‌తో మీద పడుతుంది. అదే ఏడు పారిస్ ఒలింపిక్స్‌లో, సరిగ్గా తన పుట్టినరోజున, జూలై 31న, చివరి పదహారు మందిలోకి చేరింది.

బ్యాటుకు ఒకవైపు నలుపు, మరోవైపు ఇంకో రంగు ఎందుకని పిల్లలు అడుగుతుంటారు. 1980ల మొదట్లో రెండు వైపులా ఒకే రంగు రబ్బర్లు వేసుకుని, ఒకటి ప్లెయిన్, ఒకటి యాంటీ, ఆటలో చటుక్కున తిప్పేవాళ్ళు. ఏ వైపుతో కొట్టారో కంటికి తెలిసేది కాదు. చప్పుడు మాత్రం పట్టించేసేది, రెండు రబ్బర్ల చప్పుడు వేరు కదా. అందుకని సర్వీస్ చేసే క్షణంలో కాలితో నేలను ధడేల్మని తన్నేవాళ్ళు, రబ్బరు చప్పుడు అందులో కలిసిపోవాలని. 1986 నుంచి ఒకవైపు ఎరుపు, ఒకవైపు నలుపు ఉండాలన్నారు. 2021 నుంచి నలుపు తప్పనిసరి, రెండో వైపు నీలం, ఆకుపచ్చ, గులాబీ, ఊదా కూడా ఒప్పుకుంటున్నారు. నాకు మాత్రం ఎరుపు, నలుపే ఇష్టం. మన ఎర్ర చెలకలు, తాడిపత్రి వైపు నల్లరేగడి ఒకే చేతిలో పట్టుకున్నట్టుంటుంది. ఏ నేలకు ఏ పైరో మన రైతుకు చెప్పనక్కర్లేదు.

నేల మాట వచ్చింది కాబట్టి, కంపెనీలు అట్టపెట్టె మీద రాయని సంగతి ఒకటి చెప్తాను. ఈ రబ్బర్లు చేసేవాళ్ళు మూసి ఉన్న చల్లటి హాల్లో ఆడతారనుకుని చేస్తారు. మన పిల్లలు ఆడేది అనంతపురంలో. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే నేల ఇది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండ. ఆషాఢం వస్తే వాన రాకపోయినా గాలి మాత్రం వస్తుంది, రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పే గాలి. బంతి బరువు 2.7 గ్రాములు, అంటే సుమారు రెండు శెనక్కాయల బరువు. వరండాలో ఆ గాలికి అది నిలుస్తుందా? అందుకే తలుపులు మూసుకుని ఆడతారు. మూసినా కిటికీ సందుల్లోంచి ఎర్ర దుమ్ము వచ్చి బల్ల మీద, బంతి మీద, రబ్బరు మీద పేరుకుంటుంది.

దుమ్ము చేసే పని ఏమిటంటే, ఎంత ఖరీదైన ప్లెయిన్ రబ్బరునైనా అరగంటలో పట్టు లేనిదాన్ని చేస్తుంది. పిల్లవాడు చక్కగా లూప్ వేస్తాడు, బంతి జారి నెట్‌లో పడుతుంది. వాడు తన చేతిని అనుమానిస్తాడు, చెయ్యి వంపు మార్చుకుంటాడు, తప్పు అలవాటు చేసుకుంటాడు. తప్పు దుమ్ముది. జిగట రబ్బర్లకు ఈ బెడద ఇంకా ఎక్కువ, జిగట ఉన్న చోటే దుమ్ము అంటుకుంటుంది. పింపుల్స్‌కు దుమ్ముతో అంత ఇబ్బంది లేదు, మొదటే పట్టు తక్కువ కాబట్టి. మన దగ్గర పింపుల్స్ వాళ్ళు ఎండాకాలం పోటీల్లో అనుకున్నదానికన్నా ఎక్కువ గెలవడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

ఇదే పిల్లల్ని వానాకాలంలో విజయవాడకో విశాఖకో పోటీలకు తీసుకెళ్తే కథ మారుతుంది. అక్కడ గాలిలో తడి. రబ్బరు మీద కంటికి కనబడని తేమ పొర కమ్ముతుంది, బంతి మళ్ళీ జారుతుంది. మా పిల్లలు బెదిరిపోయేవాళ్ళు. అక్కడ నీళ్ళతో తుడిస్తే సరిపోదు, ప్రతి ఆరు పాయింట్లకు టవల్ దగ్గరికి పోయే అవకాశం ఉంటుంది కదా, అప్పుడు పొడి గుడ్డతో రబ్బరు, బంతి రెండూ తుడవాలి. ఒకరోజు ముందే వెళ్ళి ఆ హాల్లో గంటసేపు ఆడించడం ఇంకా మంచిది. రైలు ఖర్చు అంతే, ఒక రాత్రి బస అదనం.

మన జిల్లాకు ఆటల పేరు లేకపోలేదు. ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ స్పోర్ట్స్ విలేజ్ ఉంది, 2010లో రఫెల్ నాదల్ స్వయంగా వచ్చి ప్రారంభించిన టెన్నిస్ బడి ఉంది. టేబుల్ టెన్నిస్‌కు అంత చోటు కూడా అక్కర్లేదు. రెండు మీటర్ల 74 సెంటీమీటర్ల బల్ల, చుట్టూ కదలడానికి జాగా, దుమ్ము రాని ఒక గది. ఊరికొక గది తలుపులు సాయంత్రం తెరిచి ఉంచితే చాలని ఎన్నిసార్లు అడిగానో నాకే లెక్క లేదు. ఈ రోజు మీ అందరి ముందూ మళ్ళీ అడుగుతున్నాను.

ఇక ఇంట్లో చేసుకునే పని. ఆట కాగానే శుభ్రమైన నీళ్ళలో ముంచి పిండిన మెత్తటి స్పాంజ్ ముక్కతో ప్లెయిన్ రబ్బరును తుడవండి. కిరసనాయిలు, స్పిరిటు, సబ్బు వద్దు. నీడలో ఆరనిచ్చి, కొన్నప్పుడు దాని మీద వచ్చిన పలచటి ప్లాస్టిక్ కాగితాన్ని మళ్ళీ అతికించండి. చాలామంది దాన్ని మొదటి రోజే చింపి పారేస్తారు. అరచెయ్యి చెమటతో రుద్దడం కూడా మానిపించండి. పింపుల్స్ అయితే పాత టూత్ బ్రష్షుతో గింజల మధ్య దుమ్ము మెల్లగా దులపండి, మొదలు దగ్గర విరిగిన గింజ ఒక్కటి కనబడినా కొత్తది వేయించాలి.

ఎండ ఈ రబ్బరుకు పెద్ద శత్రువు. బ్యాటు సంచిని సైకిల్ హ్యాండిల్‌కు తగిలించి మధ్యాహ్నమంతా ఎండలో వదిలేస్తారు పిల్లలు. రేకుల గదిలో కిటికీ పక్కన పెడతారు. పై పొర ఎండి తెల్లబారుతుంది, నున్నగా మెరుస్తుంది, అంచులు పెళుసెక్కుతాయి. వేసవి సెలవుల్లో ఇంకా జాగ్రత్త. బ్యాటును పలచటి గుడ్డలో చుట్టి, ఇంట్లో నీళ్ళ కడవ పెట్టుకునే గది ఉంటుంది కదా, అందులో తడి తగలని గూట్లో పెట్టండి. జూన్‌లో బడి తెరిచిన రోజు ప్లాస్టిక్ కాగితం తీసి, బంతిని రబ్బరుకు ఆనించి మెల్లగా లాగి చూడండి. బంతితో పాటు రబ్బరు కాస్త కదిలితే ఇంకా పట్టుందన్నమాట, ఆ ఏడాదికి ఆడుకోవచ్చు. బంతి ఊరికే జారిపోతే, ముందు అదే 1.8 మిల్లీమీటర్ల మందంలో కొత్తది వేయించి, బంతిని దాని మీద పది సార్లు ఎగరేయమని పిల్లల్ని అడిగి, ఆ చప్పుడు వినండి.